215 రూపాయల 25 పైసలు

వైజాగ్, అరకు వెళ్లొచ్చి పది రోజులైంది. సముద్రం గురించి, ఘాట్ రోడ్డు గురించి రాద్దామనే కూర్చున్నాను. తీరా మొదలుపెడితే బీచ్ రోడ్డు దగ్గర మూడో అంతస్తులో ఉన్న ఆ రెస్టారెంటే గుర్తొస్తోంది. ముందు దాని సంగతి చెప్పేస్తే గానీ నా కడుపుబ్బరం తీరేలా లేదు.

మేం నలుగురం. నేను, మా ఆయన, ఆరో తరగతి చదివే మావాడు, మా నాన్న. నాన్నది చీపురుపల్లి. పోస్టాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ బటన్ల ఫోనే వాడతారు. స్మార్ట్‌ఫోన్ కొనిస్తానని మూడుసార్లు అడిగాను. "దీనికి చార్జింగ్ నాలుగు రోజులొస్తాది, నీదానికొస్తాదా?" అంటారు. నా ఫోను సాయంత్రానికే మూలుగుతుంది కాబట్టి నేనేం మాట్లాడను.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే వైజాగ్‌లో దిగాం. రైలు టైముకే వచ్చింది. ఆ రోజు కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూశాం. లోపల ఆ ఇరుకు పడకలు చూసి మావాడు ప్రశ్నలతో అక్కడి ఆయన్ని కొరుక్కుతిన్నాడు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్స్చర్, ప్లేటు 40. అక్కడితో ఆపి రూముకు వెళ్లిపోయినా బాగుండేది. పెళ్లిరోజు దగ్గర పడింది కదా, కాస్త మంచి చోట భోంచేద్దామని మా ఆయన ముచ్చటపడ్డారు.

కూర్చున్నాం. నీళ్లు రాలేదు, మెనూ రాలేదు. బల్ల మీద ప్లాస్టిక్ స్టాండు, దానికో క్యూఆర్ కోడ్ అంతే. స్కాన్ చేస్తే ఫోన్ నంబరు అడిగింది. కొడితే ఓటీపీ అంది. ఓటీపీ కొడితే పుట్టినరోజు, పెళ్లిరోజు అడిగింది. ఇడ్లీ సాంబారుకి ఆధార్ కార్డు అడిగినట్టుంది వ్యవహారం. అవన్నీ దాటాక బొమ్మలు ఒక్కొక్కటిగా, తీరుబడిగా తెరుచుకున్నాయి. ధర చూడాలంటే బొమ్మ మీద నొక్కాలి. వెనక్కి వస్తే మళ్లీ మొదటి పేజీకి పోతోంది.

నాన్న అటూ ఇటూ చూసి, "మెనూ కార్డు ఉండదేటమ్మా?" అన్నారు. నేను వెయిటర్ని పిలిచి అడిగాను. "పేపర్ మెనూ లేదు మేడమ్, పర్యావరణం కోసం తీసేశాం" అన్నాడు. వాడి తప్పు లేదు, చిన్న పిల్లాడు, నేర్పించింది చెప్పాడు. ఈలోగా మేనేజరు వచ్చి నాన్న చేతిలో ఫోను చూసి చిరునవ్వు నవ్వాడు. "పెద్దాయనకి మీ ఫోన్లో చూపించేయండి మేడమ్" అన్నాడు. మాటలో తప్పేం లేదు. ఆ నవ్వుంది చూశారూ, అది.

నా ఫోను నాన్నకిచ్చాను. కళ్లజోడు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశారు. వేలు ఎక్కడో తగిలి సూప్ రెండుసార్లు కార్టులో పడింది. ఇంకేదో నొక్కితే మొత్తం మాయమైంది. ఫోను నాకు తిరిగిచ్చేసి, "నాకు పెరుగన్నం చెప్పమ్మా, చాలు" అన్నారు. పొద్దున్నుంచి పీతల ఇగురు తినాలని కలవరించిన మనిషి. పీతల ఇగురు మెనూలో ఉందని నాకు బిల్లు కట్టాక తెలిసింది. "కోస్టల్ స్పెషల్స్" అని వేరే గడి ఉందట, అడుగున.

తిండి మామూలుగా ఉంది. అపోలో ఫిష్ బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి. నాటుకోడి పులావులో ముక్క ఉడకలేదు.

తర్వాత బిల్లు. పర్యావరణం కోసం మెనూ కార్డు తీసేసినవాళ్లు బిల్లు మాత్రం మూరెడు పొడుగున ముద్రించి ఇచ్చారు. సూప్ రెండు 390, అపోలో ఫిష్ 445, పులావు రెండు 850, పెరుగన్నం 185, నీళ్ల సీసాలు రెండు 180. మొత్తం 2,050. దాని కింద సర్వీస్ చార్జి పది శాతం, 205. ఆ పైన ఆ 205తో కలిపి 5 శాతం జీఎస్టీ. వెరసి 2,368.

ఇరవై రూపాయల నీళ్ల సీసా తొంభైకి అమ్మినందుకు నేను గొడవపడలేదు. రెస్టారెంట్లు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మామూలు నీళ్లు తెమ్మని అడగకపోవడం నా బుద్ధి తక్కువ. కానీ సర్వీస్ చార్జి వేరే సంగతి. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. పైగా ఇక్కడ ఆర్డరు తీసుకున్నదెవరు? మేమే. మెనూ వెతుక్కున్నదెవరు? మేమే. సర్వీసు మేం చేసుకుని చార్జి వాళ్లకి కట్టాలా?

మేనేజర్ని పిలిచి తీసేయమన్నాను. "సిస్టమ్‌లో ఆటోమేటిగ్గా వచ్చేస్తుంది మేడమ్, తీయడం కుదరదు" అన్నాడు. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కుతున్నారు. "పోనీలేవే, రెండొందలేగా, పెళ్లిరోజు పేరు చెప్పి వచ్చి ఈ గోలేంటి?" అంటారు. మావాడు సిగ్గుతో ఫోన్లో తల దూర్చాడు. నాన్న మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నట్టు స్థిమితంగా కూర్చున్నారు. నాకు ఆ స్థిమితమే బలం ఇచ్చింది. 1915కి ఫోన్ చేస్తానన్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. నిజంగానే డయల్ చేసి స్పీకర్ పెట్టాను. రింగు రెండోసారి మోగేసరికి, కుదరదన్న సిస్టమ్‌లో కుదిరింది. కొత్త బిల్లు 2,153. 205 సర్వీస్ చార్జి, దాని మీద జీఎస్టీ పది రూపాయల పావలా, కలిపి నాకు మిగిలింది 215 రూపాయల 25 పైసలు. ఆ పావలా రౌండింగ్‌లో వాళ్లకే పోయింది, ఉంచుకోనిమ్మన్నాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. ఆటోలో రూముకు వచ్చేదాకా మా ఆయన మాట్లాడలేదు.

మీకు నా సలహా: లోపలికి వెళ్లి కూర్చోకముందే, "మెనూ కార్డు ఉందా, సర్వీస్ చార్జి వేస్తారా" అని గుమ్మంలోనే అడగండి. నీళ్లు నమిలితే అటునుంచి అటే వచ్చేయండి. కూర్చున్నాక లేవడం మన వల్ల కాదు.

మర్నాడు పొద్దున లాడ్జి పక్క సందులో టిఫిన్ సెంటరుకు వెళ్లాం. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాశారు. నాన్న దాన్ని పైనుంచి కింద దాకా గట్టిగా చదివారు, తంతి చదివినట్టు. ఇడ్లీ, గారె, పెసరట్టు, పులిబొంగరాలు. అన్నీ ఒక్కో ప్లేటు చెప్పారు. పులిబొంగరాలు బయట కరకరలాడుతూ, లోపల కాస్త పుల్లగా, అల్లం పచ్చడితో. నలుగురికీ కలిపి 210 రూపాయలు. అక్కడా క్యూఆర్ కోడే ఉంది, కానీ డబ్బులు కట్టడానికి. పక్కనున్న డబ్బా "రెండు వందల పది రూపాయలు" అని అరవగానే పెనం దగ్గరున్న ఆయన వెనక్కి చూడకుండానే తలూపాడు.

లాడ్జి 2,200, ఏసీ రూము, చెప్పుకోవడానికి ఏం లేదు. ఒక్క చిట్కా తప్ప. తలుపు తీసే కార్డును గోడకున్న గూట్లో పెడితేనే కరెంటు వస్తుంది, తీసుకుని బయటికెళితే మన పవర్ బ్యాంకు చార్జింగ్ కూడా ఆగిపోతుంది. మా ఆయన పాత హైదరాబాద్ మెట్రో కార్డు అందులో దోపి చూశారు. వెలిగింది! అన్ని లాడ్జీల్లోనూ పనిచేయదు, కొన్ని గూళ్లు సొంత కార్డునే గుర్తుపడతాయి. ఏసీ మాత్రం ఆపి వెళ్లండి, పాపం.

అరకుకు కారు మాట్లాడుకున్నాం. రెండు రోజులకు 8,200, డ్రైవర్ బత్తా 600. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ తోటలు. బొర్రా గుహల్లో మెట్లెక్కీ దిగీ నాన్న అలిసిపోయారు గానీ ఒప్పుకోలేదు. బయట ఎవరో అమ్మితే తేనె సీసా 450కి కొనేశారు, మనవడికట. అది తేనో బెల్లం పాకమో ఇంటికొచ్చాక కూడా తేలలేదు. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే ఐదొందల నోటు అలా ఖర్చయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

గుహల నుంచి అరకు వెళ్లే దారిలో బొంగు చికెన్ కోసం ఆగాం. టార్పాలిన్ పందిరి, రెండు బెంచీలు, పొడుగ్గా పేర్చిన నిప్పులు. ఒకావిడ, కొడుకూ నడుపుతున్నారు. పచ్చి వెదురు బొంగును కణుపు దగ్గర కోస్తారు, ఒక వైపు కణుపే మూత. మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, రెండో వైపు ఆకుతో గట్టిగా బిరడా బిగిస్తారు. నూనె చుక్క లేదు. నిప్పుల మీద తిప్పుతుంటే బొంగు పచ్చదనం పోయి నల్లబడుతుంది, ఆకు సందుల్లోంచి నురుగు బుసబుసమని వస్తుంది. "ఎండు బొంగైతే కాలిపోద్ది బాబూ, పచ్చిదే కావాలి" అని ఆవిడ నాన్నకు చెప్పింది. నాన్న వెంటనే ఏ వయసు బొంగు, ఎక్కడ కొడతారు అని ఆరా మొదలుపెట్టారు. విస్తరాకులో వంపితే ముక్కలు, వాటి చుట్టూ పలచని రసం. ముక్క వేలితో విడిపోయింది. ముందురోజు పులావును తలుచుకుని నాకు మళ్లీ మండింది. అరకిలో బొంగులు రెండు 600, బొంగు బిర్యానీ 200.

ఇప్పుడు డబ్బులు కట్టాలి. సిగ్నల్ గీతలు రెండున్నాయి, నెట్ మాత్రం గుండ్రంగా తిరుగుతోంది. "నా దగ్గర యూపీఐ లైట్ ఉందిగా" అని మా ఆయన ఠీవిగా ముందుకొచ్చారు. పిన్ను అక్కర్లేకుండా వెయ్యి దాకా కట్టొచ్చు, ముందురోజు బీచ్‌లో బాగా పనికొచ్చింది. కానీ పేరులో లైట్ ఉన్నంత మాత్రాన నెట్ లేకుండా పనిచేయదు. ఫోను పైకెత్తి రోడ్డు మీద అటూ ఇటూ నడిచారు. ఇద్దరి దగ్గరా వెతికితే నగదు 350. "ఈ రోజుల్లో క్యాష్ ఎవరు మోస్తారు" అని ఇంటి దగ్గర అన్నది కూడా ఆయనే, నేను గుర్తు చేయలేదు, చూశానంతే. డ్రైవర్ జేబులో 200. ఆవిడ మంచిది, "తిరిగొచ్చినప్పుడు ఇద్దురుగాని" అంది. నాన్నకది నచ్చలేదు. తిని బాకీ పెట్టడమేంటని ఆయన బాధ.

చొక్కా జేబులోంచి బటన్ల ఫోను తీశారు. *99# కొట్టారు. నెట్ లేకుండా డబ్బు పంపే ఆ సేవ ఉందని నాకు తెలుసు గానీ నాన్న పెట్టుకున్నారని తెలియదు. బ్యాంకులో ఎవరో చూపించారట, గ్యాస్ బిల్లుకి వాడుతున్నారట. తెర మీద అంకెల జాబితా వస్తుంది. డబ్బు పంపడానికి 1, మొబైల్ నంబరుకి 1. ఆవిడ నంబరు ఒక్కో అంకె పైకి చెప్పించుకుని, మళ్లీ తిరిగి చదివి వినిపించి కొట్టారు. మొదటిసారి ఆలస్యమై మధ్యలో తెగిపోయింది. "పర్లేదు" అని మళ్లీ మొదలుపెట్టారు. ఆవిడ పేరు తెర మీద పడింది. 800, పిన్ను. మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. పందిరికి వేలాడుతున్న డబ్బా ఉలకలేదు పలకలేదు. కాసేపటికి ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, కొడుకు చదివి "వచ్చాయమ్మా" అన్నాడు. మా ఆయన అప్పటికింకా రోడ్డు మీద ఫోను పైకెత్తుకునే ఉన్నారు.

కావాలంటే మీరూ పెట్టుకోండి. నెట్ అక్కర్లేదు, ఒకసారికి ఐదు వేల దాకా పంపొచ్చు, చార్జి లేదు. బ్యాంకులో ఉన్న నంబరుతోనే పనిచేస్తుంది. డెబిట్ కార్డు వివరాలతో ముందే రిజిస్టర్ చేసుకోవాలి, కొండ మీద మొదలుపెడితే కుదరదు. కొన్ని సిమ్‌లలో ఇది రాదు, ఇంట్లోనే ఒకసారి కొట్టి చూసుకోండి. మ్యాపు కూడా వైజాగ్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఓ రెండు వేలు నగదు పెట్టుకోండి.

అరకులో రూము 2,600. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే అన్నారు, వచ్చాయి. కాఫీ పొడి పావుకిలో కొన్నాం. తిరుగు రైల్లో నాన్నే రైల్వే భోజనాల నంబరు 1323కి ఫోన్ చేసి సీటు దగ్గరకు భోజనం తెప్పించారు, పీఎన్నార్ చెబితే చాలు. ఆర్డరు ఎవరు చెప్పాలన్నదాని మీద ఎవరూ పోటీకి రాలేదు.

ఆ మూడో అంతస్తు వాళ్లకి నా నంబరు, పెళ్లిరోజు ఇచ్చానని చెప్పాను కదా. సరిగ్గా పెళ్లిరోజు పొద్దున ఏడింటికి, మా ఆయన కంటే ముందు, వాళ్ల శుభాకాంక్షలొచ్చాయి. మళ్లీ దయచేస్తే బిల్లులో పది శాతం తగ్గిస్తారట. అక్కర్లేని ప్రచార మెసేజ్‌ల మీద ఫిర్యాదులు తీసుకునే 1909కి ఫిర్యాదు చేశాను.