టొలేడోనా, సెగోవియానా? ముప్పై మంది గ్రూపుకి ఒక్కరోజు ట్రిప్

మాడ్రిడ్‌లో చదివే మనవాళ్లు సెమిస్టర్ మొదలవగానే అడిగే ప్రశ్న ఇది. పాతికా ముప్పై మందిమి ఉన్నాం, పొద్దున వెళ్లి రాత్రికి రావాలి, టొలేడో, సెగోవియాల్లో ఏ ఊరు మేలు? రెండూ కొండమీది పాత పట్టణాలే, రెండూ యునెస్కో జాబితాలో ఉన్నవే, రైల్లో రెండూ అరగంట దూరమే.

చూడాల్సినవి లెక్కపెడితే టొలేడోదే పైచేయి. 999 నాటి మసీదు, 12వ శతాబ్దపు యూదుల ప్రార్థనా మందిరం, 1226లో మొదలైన కేథడ్రల్, సాంతో తోమే చర్చిలో ఎల్ గ్రెకో వేసిన పెద్ద చిత్రం, అన్నీ ఒకే కొండమీద ఉన్నాయి.

కానీ గ్రూపు ట్రిప్‌ని తేల్చేది ఊరి ఆకారం. టొలేడోని తాహో నది మూడువైపులా చుట్టింది. లోపలి సందులు మెలికలు తిరుగుతాయి. ఎత్తయిన గోడల మధ్య ఫోన్‌లో చుక్క పక్కవీధికి గెంతుతుంది. సందులో నిలబడితే కేథడ్రల్ శిఖరం కూడా కనపడదు. మూడు గంటలకి సొకొదొవెర్ కూడలిలో కలుద్దాం అంటే ఆఖరివాడు చేరేసరికి మూడున్నర. ఇలా రెండుసార్లు పోగయ్యారంటే ఒక మ్యూజియం పోయినట్టే.

సెగోవియా ఓడలా సన్నటి గుట్టమీద కూర్చుంది. ఒక కొసన రోమన్లు సున్నం లేకుండా గ్రానైట్ రాళ్లు పేర్చి కట్టిన నీటివంతెన, సుమారు 28 మీటర్ల ఎత్తు. రెండో కొసన ఆల్కాసర్ కోట. మధ్యలో ఒకటే ప్రధాన దారి, దానిమీదే పెద్ద కూడలి, కేథడ్రల్. మొత్తం ఒకటిన్నర కిలోమీటరు లోపే. వెనకబడ్డవాళ్లు అదే దారిన నడుచుకుంటూ వచ్చి కలుస్తారు. అందుకే 15 మంది దాటితే సెగోవియా అంటాను.

అక్కడికి మాత్రం రైలు వద్దు, బస్సెక్కండి. మాడ్రిడ్‌లోని చమార్తిన్ స్టేషన్ నుంచి రైలు అరగంటలోపే చేరుస్తుంది గానీ దిగే గియోమర్ స్టేషన్ ఊరికి దూరంగా పొలాల మధ్య ఉంది. అక్కడ సిటీ బస్సు కోసం రైలు దిగినవాళ్లంతా ఎగబడతారు. ముప్పై మంది ఒకే బస్సులో పట్టకపోతే మొదటి గంటలోనే గ్రూపు రెండుగా చీలుతుంది. మాడ్రిడ్‌లోని మొంక్లోవా నుంచి వెళ్లే బస్సుకి గంటంబావు పడుతుంది. బస్టాండు నుంచి నీటివంతెనకి పది నిమిషాల నడక. తిరుగు టికెట్ కూడా ముందే కొనండి, ఆదివారం సాయంత్రం సీట్లు దొరకవు.

కోట బురుజు ఎక్కడానికి టికెట్ వేరు, మెట్లు 152, ఇరుకు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కిందే ఆగొచ్చు. ఊరు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, మార్చిలో కూడా జాకెట్ ఉండాలి.

శాకాహారులకి ఒక హెచ్చరిక. సెగోవియా పేరుమోసింది పాలుతాగే పందిపిల్లని కాల్చి చేసే వంటకానికి. పెద్ద చిక్కుడుగింజల కూర చూసి సంబరపడకండి, అందులోనూ తరచు పంది ముక్కలుంటాయి. కోడిగుడ్డు, బంగాళదుంపలతో చేసే తోర్తియా అడగండి. గుడ్డు కూడా తిననివాళ్లు పులిహోర డబ్బా తెచ్చుకోవడం మంచిది.

ఎనిమిది, పదిమందే ఉండి, చరిత్రో చిత్రకళో చదువుతుంటే మటుకు టొలేడోకే వెళ్లండి. మాడ్రిడ్‌లోని అతోచా స్టేషన్ నుంచి రైలెక్కాలి. వారాంతాల్లో టికెట్లు ముందే అయిపోతాయి. స్టేషన్ నుంచి ఎక్కుడు దారి, ఎస్కలేటర్లు వాడుకోండి. సోమవారం ఎల్ గ్రెకో మ్యూజియం మూసేస్తారు, ఆదివారం పొద్దున కేథడ్రల్‌లో సందర్శకులని రానివ్వరు, కాబట్టి శనివారమే నయం. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎండ మన రెంటచింతలని గుర్తుచేస్తుంది.

ఆవిలా అనే ఊరికి కోటగోడ కోసం వెళ్లొచ్చు, సగం రోజు చాలు. క్వెంకా ఊళ్లో కొండ అంచున వేలాడే ఇళ్లు ముచ్చటగా ఉంటాయి గానీ రైలు ఖర్చు ఎక్కువ, స్టేషన్ అక్కడా ఊరి బయటే.