పాతబస్తీ మార్నింగ్ వాక్ ప్యాకేజీ కొనేముందు జాగ్రత్త

చార్మినార్ చుట్టుపక్కల పొద్దున్నే తిప్పి చూపిస్తాం, గైడ్, టిఫిన్, ఎంట్రీ టికెట్లు అన్నీ అందులోనే అంటూ ఫోన్లకి ప్రకటనలు తెగ వస్తున్నాయి. రాజమండ్రి నుంచి వచ్చిన పిన్నీ బాబాయిల కోసం అలాంటిదొకటి కొన్నాం. మనిషికి పన్నెండు వందలు, అంతా ముందే యూపీఐలో కట్టించుకున్నారు. ఇదే పద్ధతిలో నడిపేవాళ్లు ఇంకా ఉండొచ్చు కాబట్టి పేరు పక్కన పెట్టి, ఆ పద్ధతేంటో చెప్తాను.

ప్రోగ్రాంలో రాసింది ఇది: ఆరున్నరకు మొదలు, తొమ్మిదికి ముగింపు. ఈలోపు చార్మినార్ ఎక్కడం, చౌమహల్లా ప్యాలెస్, లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే చోటు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చార్మినార్ పైకి టికెట్లు ఇచ్చేది తొమ్మిది దాటాకే. చౌమహల్లా పదింటికి తెరుస్తారు, శుక్రవారం పూర్తిగా సెలవు. లాడ్ బజార్‌లో షాపులు పదకొండు అయితే గానీ కదలవు. అంటే డబ్బు తీసుకున్నవాటిలో ఒక్కటి కూడా ఆ టైముకి చూపించడం కుదరదు, ఆ సంగతి అమ్మేవాళ్లకి బాగా తెలుసు. మా గైడ్ మాత్రం "ఇవాళెందుకో లేటు చేస్తున్నారు సార్" అన్నాడు. రోజూ అదే టైము మరి!

ఉన్న టైమైనా సరిగ్గా వాడాడా అంటే అదీ లేదు. చార్మినార్ దగ్గరున్న నాలుగు కమాన్లలో, అంటే పాత రాతి తోరణాల్లో, మచిలీ కమాన్ ఒక్కటి చూపించి, గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్ దగ్గర ఫొటోలు తీయించాడు. చార్మినార్ నుంచి గోల్కొండకి సొరంగం ఉందన్నది జనం చెప్పుకునే మాట, దాన్ని కళ్లారా చూసినట్టే చెప్పాడు. మక్కా మసీదు మొత్తం కులీ కుతుబ్‌షాయే కట్టించాడట. ఆయన కట్టించింది 1591లో చార్మినార్. మసీదు పని 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెడితే, ఔరంగజేబు కాలంలో 1694కి గానీ పూర్తి కాలేదు. టిఫిన్ అంటే ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ మాత్రం అద్భుతం, అందులో వాళ్ల గొప్పేమీ లేదు.

అసలు కథ ఎనిమిది దాటాక మొదలైంది. పత్తర్‌గట్టి వెనక సందులో సగం ఎత్తిన షట్టర్ కిందనుంచి వంగి లోపలికి తీసుకెళ్లారు, ముత్యాల షాపట. మొదట నీళ్లు, తర్వాత చాయ్, ఆ తర్వాత మాటలు. "మీదే బోణీ అమ్మా, బోణీ వేళ ఖాళీ చేతులతో వెళ్తే మాకు రోజంతా దెబ్బే." పెద్దవాళ్లకి ఈ మాట ఎంత గట్టిగా తగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల షాపులన్నీ మూసి ఉంటాయి, రేటు పోల్చి చూసుకునే వీలుండదు. పొద్దున్నే ఎందుకు తీసుకెళ్తున్నారో నాకు అప్పుడు అర్థమైంది. బసరా ముత్యాలని చెప్పి ఒక సెట్టు నాలుగున్నర వేలకి అంటగట్టారు. నిజమైన బసరా ముత్యాలు పర్షియన్ గల్ఫ్‌లో సహజంగా దొరికినవి, ఇప్పుడు చాలా అరుదు, ఆ ధరకి దండ రావడం జరగని పని. ఇవాళ మార్కెట్లో మామూలుగా ఉండేవి చైనా నుంచి వచ్చే మంచినీటి పెంపకం ముత్యాలు. అవీ ముత్యాలే, అలా చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. పిన్ని కొన్నది అదీ కాదు. వారం తిరక్కుండానే రంధ్రాల దగ్గర పైపూత ఉల్లిపొరలా లేచి, కింద గాజుపూస కనిపించింది.

వాళ్లిచ్చింది బిల్లు కాదు, ఎస్టిమేట్ చీటీ. దానిమీద షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. తీసుకెళ్లి చూపిస్తే ఇది మా సరుకే కాదన్నారు. గైడ్‌కి ఫోన్ చేస్తే షాపుతో తనకి సంబంధం లేదన్నాడు. టికెట్ల డబ్బులైనా వెనక్కివ్వమంటే "చూస్తాం సార్" అని, ఆ తర్వాత నంబర్ బ్లాక్.

ముత్యాలు ఎక్కడ కొన్నా రెండిటిని ఒకదానికొకటి మెల్లగా రుద్ది చూడండి. అసలువైతే సన్నని ఇసుక తగిలినట్టు గరుగ్గా ఉంటాయి, నకిలీవి జారిపోతాయి. రంధ్రం అంచుని ఫోన్ టార్చ్ వేసి చూడండి. జీఎస్టీ నంబరుతో, ఏ రకం ముత్యమో రాసిన బిల్లు ఇవ్వనంటే లేచి వచ్చేయండి, బోణీ సంగతి వాళ్లు చూసుకుంటారు.

ఇక పొద్దున పాతబస్తీ తిరగడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగి, మూసీ దాటి, మదీనా సెంటర్ మీదుగా చార్మినార్‌కి నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లు. నాలుగు కమాన్లూ తీరిగ్గా చూడొచ్చు, మక్కా మసీదు ముందు పావురాలు, వేడివేడి నహారీ (మాంసం పులుసు), ట్రాఫిక్ లేని రోడ్డు, అన్నీ ఆ వేళే బాగుంటాయి. చార్మినార్ ఎక్కాలంటే కౌంటర్ తెరిచేదాకా ఆగి టికెట్ మీరే కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. గైడ్ కావాలనుకుంటే సగమే ముందు ఇస్తామనండి, ఏ గేటు ఎన్నింటికి తెరుస్తారో మెసేజ్‌లో రాసి పంపమనండి. షాపింగ్ ఉంటే రామని కూడా ముందే చెప్పేయండి.

ఇలాగే మోసపోయినవాళ్లు ఎవరైనా ఉంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పేమెంట్ స్క్రీన్‌షాట్, ప్రోగ్రాం మెసేజ్, ఆ చీటీ ఫొటో దగ్గర పెట్టుకోండి. మేమూ ఫిర్యాదు పెట్టాం, ఇంకా ఏమీ తేలలేదు.