జాగ్రత్త: ఒక్క రూపాయికి సస్పెన్స్ కథ అంటారు, ఆ తర్వాత ఖాతా చూసుకోండి

బెంగళూరులో మారతహళ్లి, కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చాలా ఇళ్లల్లో ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఫోన్లో ఆడియో సీరియల్ వింటుంటే, ఇవాళే వాళ్ల యూపీఐ యాప్ తెరిచి ఆటోపే (ప్రతిసారీ మనల్ని అడక్కుండా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటు) అన్నచోట ఏమేం ఉన్నాయో చూడండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

మా ఇంట్లో ఇలా డబ్బు లాగిన ఆడియో సీరియల్ యాప్ పేరు రాయడం లేదు. ఈ పద్ధతిలో నడిచేది అదొక్కటే కాదు, పేరు రాస్తే మిగతావన్నీ మంచివేమో అనుకునే ప్రమాదం ఉంది. గుర్తులు చెబుతాను, అవి చాలు.

ఈ సీరియల్ విన్నది మా అత్తయ్య. హిందూపురంలో ఉన్నన్నాళ్లూ లైబ్రరీ నుంచి వారానికి రెండు నవలలు తెప్పించుకుని చదివిన మనిషి. శుక్లాల ఆపరేషన్ తర్వాత చిన్న అక్షరాలు ఇబ్బందిగా ఉంటున్నాయి. ఇక్కడేమో మేమిద్దరం పొద్దున పోతే రాత్రికి గానీ ఇంటికి రాము. ఇలాంటివాళ్లకే ఆ ప్రకటన వస్తుంది. రీల్స్ చూస్తుంటే మధ్యలో ఆస్పత్రి మంచం, మానిటర్ చప్పుడు, తెర నిండా పెద్దగా "₹1". దాని కింద ఏం రాసి ఉందో నేను భూతద్దం పెట్టి చదవాల్సి వచ్చింది.

ముందు కథ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎర అదే. నిజం చెప్పొద్దూ, ఎర బాగుంది. గ్రానైట్ వ్యాపారంలో కోట్లు గడించిన పెద్దాయనకి రెండు కిడ్నీలూ పాడవుతాయి. ముగ్గురు పిల్లలు. నాకు కిడ్నీ ఇచ్చినవాళ్లకే ఆస్తి మొత్తం అని వీలునామా రాయిస్తాడు. ఆ ఇంటి వంటామె కొడుకు డాక్టరు. వాడి ఎంబీబీఎస్ ఫీజు నుంచి పై చదువుల దాకా ఖర్చంతా పెద్దాయనదే. ఒక రాత్రి ఆ ఇంటి కారు డ్రైవరు యాక్సిడెంటై ఐసీయూలో పడతాడు. వీడు బ్రెయిన్ డెడ్, అంటే మెదడు పూర్తిగా చచ్చిపోయింది అని సంతకం పెట్టు, కిడ్నీ నాన్నకి పెట్టేద్దాం అంటాడు పెద్దకొడుకు. ఉప్పు తిన్న ఇంటివైపు నిలబడాలా, తన చేతికింద ఊపిరితో ఉన్న మనిషివైపు నిలబడాలా? ఆ డాక్టరు తల్లి కూడా ఆ ఇంటివైపే మాట్లాడుతుంది. అక్కడిదాకా నేనూ కూర్చుని విన్నాను, వంట ఆపి మరీ. గొంతు ఇచ్చిన అమ్మాయి చాలా బాగా చదివింది. ఆమె పొట్ట కొట్టాలని నాకేం లేదు.

సరిగ్గా డాక్టరు కలం తీసిన చోట ఉచిత భాగాలు అయిపోతాయి. అక్కడి నుంచి నాణేలు, అంటే మనం డబ్బు పెట్టి కొనుక్కుని ఆ యాప్‌లో భాగాలు తెరవడానికి వాడేవి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్క రూపాయి కడితే వారం పాటు అన్నీ వినొచ్చనే అనుకుంటాం. కట్టాక తెలుస్తుంది, పాత భాగాలే అందులోకి వస్తాయట, "కొత్తవి" నాణేలతోనే తెరవాలట. ఏది కొత్త, ఏది పాత అన్నది వాళ్ల ఇష్టం. నాణేలు విడిగా అమ్మరు, కట్టలుగానే కొనాలి. ఒక భాగానికి ఎన్ని కావాలో, కట్టలో ఎన్ని ఉంటాయో చూస్తే ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి, కానీ ఇంకో భాగానికి చాలవు. ఇది పొరపాటున జరిగిన లెక్క అని ఎవరైనా అంటే నేను నమ్మను. ఒక్కో భాగం ఎనిమిది నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలు నిన్న జరిగిందే మళ్లీ, చివరి నిమిషం రేపు జరగబోయేది. డాక్టరు చేతిలో ఆ కలం ఎన్ని భాగాలు అలా గాల్లో ఉండిపోయిందో అత్తయ్యనడిగితే, "పోనీలే అమ్మాయ్, చెయ్యి నొప్పి పుట్టి వాడే దించుంటాడు" అంది.

ఆ తర్వాత కథ కూడా దిగజారింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, డబ్బుకంటే. ప్రతి భాగం ముందూ "నిపుణులైన వైద్యుల సలహాతో" అని వినిపిస్తారు. ఏ వైద్యులో మరి. ఒకే ఒక డాక్టరు సంతకం, పది నిమిషాల్లో ఆపరేషన్ థియేటరు, కిడ్నీ తీసి పక్క గదిలో పెద్దాయనకి. మన దేశంలో అలా జరగడానికి చట్టం ఒప్పుకోదు. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ అని తేల్చడానికి నలుగురు డాక్టర్లు కావాలి: ఆస్పత్రి బాధ్యుడు, రోగికి వైద్యం చేస్తున్నాయన, ప్రభుత్వం ఒప్పుకున్న జాబితాలో నుంచి ఇంకో ఇద్దరు. అవయవాలు మార్చే బృందంలో ఉన్నవాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. పరీక్షలు ఒకసారి చేసి వదిలెయ్యరు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. వెంటిలేటర్ ఆపి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా మనిషి తనంతట తాను ఊపిరి తీసుకునే ప్రయత్నం చేస్తాడా లేదా అని చూడటం అందులో ఒకటి. ఆ తర్వాత కూడా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఆ కిడ్నీ ఎవరికి వెళ్లాలో యజమాని కొడుకు చెప్పడు. కర్ణాటకలో అయితే జీవసార్థకతే అని ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్ల దగ్గర వరస ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ఉంది.

నా గోల ఏంటంటే, ఇదంతా పెట్టి రాస్తే సస్పెన్స్ పెరిగేదే గానీ తగ్గేది కాదు. మొదటి పరీక్షకీ రెండో పరీక్షకీ మధ్య ఆ ఆరు గంటలు చూడండి. డ్రైవరు భార్య బయట బెంచీ మీద, పెద్దకొడుకు ఒక్కొక్క డాక్టరు గదికీ తిరుగుతూ, వంటామె కొడుకేమో నలుగురిలో ఒకడు మాత్రమే, మిగతా ముగ్గురిని ఎవరు కొనగలరు? అంత మంచి రాత్రిని చేతిలో పెట్టుకుని కలం గాల్లో ఊపుతూ కూర్చున్నారు.

వీలునామా సంగతి ఇంకా ఘోరం. అవయవానికి బదులు డబ్బు గానీ డబ్బు విలువ చేసేది ఏదైనా గానీ ఇవ్వడం, ఇస్తానని చెప్పడం నేరం. 2011లో చట్టాన్ని సవరించాక దానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజే పెద్దాయన ఇరుక్కున్నట్టు. ముగ్గురు పిల్లల్లో ఎవరో ఒకరు ఆ కాగితాన్ని ఆస్పత్రి కమిటీకి చూపిస్తే కథ ఎలా తిరిగేది! రచయితకి ఆ ఆలోచనే రాలేదు. లేదా వచ్చినా కథ అయిపోతుందని భయపడ్డారేమో, భాగాలు తగ్గిపోతాయి కదా.

మూడో పిల్లాడి బ్లడ్ గ్రూపు ఏ, తండ్రిది ఓ, కాబట్టి వాడు ఆయన కొడుకే కాదు అని ఇంకో పెద్ద మలుపు. ఇంటర్లో బయాలజీ చదివినవాళ్లెవరైనా నవ్వుతారు. తల్లిది ఏ గ్రూపయితే తండ్రిది ఓ అయినా పిల్లాడికి ఏ రావచ్చు. మార్పిడికి ముందు ఇద్దరి కణాల గుర్తులు ఎంతవరకు కలుస్తాయో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో అయితే ఇలాంటి గుట్టు నిజంగానే బయటపడొచ్చు, ఎందుకంటే ఆ గుర్తులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం బిడ్డకి తప్పకుండా వస్తాయి. అది వాడుకోవచ్చు కదా! ఆస్పత్రుల్లో ఆ రిపోర్టు చేతికొచ్చిన డాక్టరు ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నది వైద్యనీతిలో అసలైన చిక్కు. ఇక కిడ్నీ మూడు రోజుల్లో దొరక్కపోతే పెద్దాయన పోతాడని ఊపిరి బిగబట్టించారు. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుంటూ ఏళ్ల తరబడి బతికేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. గ్రానైట్ కోటీశ్వరుడికి డయాలసిస్ సంగతే ఎవరూ చెప్పలేదట!

కథే కదా, ఇంత పట్టింపెందుకు అని మావారు కూడా అన్నారు. ఎందుకంటే, అత్తయ్య నాలుగేళ్ల కిందట అవయవదానానికి పేరు రాయించింది. పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్‌లో పోయినప్పుడు ఆయన కళ్లతో నలుగురికి చూపు వచ్చిందని టీవీలో చూసి, మామయ్యతో గొడవపడి మరీ రాయించింది. ఈ సీరియల్ మధ్యలో ఉండగా ఒకరోజు, "నా పేరు తీయించెయ్యండి, బతికుండగానే కోసేస్తారట" అంది. కళ్లు మామూలుగా చనిపోయాక కూడా తీస్తారనీ, కిడ్నీల సంగతి వేరనీ, ఇంట్లోవాళ్లం ఒప్పుకోకపోతే పేరున్నా తీయరనీ కూర్చోబెట్టి చెప్పాను. విన్నది. నమ్మిందో లేదో తెలీదు, ఫారం మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. ఆ సీరియల్ కింద వ్యాఖ్యలు చదివితే ఇదే భయం చాలామందికి పట్టుకున్నట్టుంది.

ఇక డబ్బు. వారం అయ్యాక ఆ ఒక్క రూపాయి నెలకి ₹299 అయింది. ఆ రూపాయి కట్టేటప్పుడు కొట్టిన పిన్నే ఆటోపేకి ఒప్పుకున్నట్టు లెక్క. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం. పంపారు, ఇంగ్లీషులో, అదీ యాప్ పేరుతో కాదు, మనమెప్పుడూ వినని పేమెంటు కంపెనీ పేరుతో. అత్తయ్య దాన్ని లోన్ మెసేజీ అనుకుని తుడిచేసింది. అందరూ అదే చేస్తారు.

యాప్ తీసేస్తే ఆగిపోతుందనుకోకండి. తీసేశాక కూడా నెల తిరగ్గానే కోత పడింది. యూపీఐ యాప్‌లోకే వెళ్లి, ఆటోపే లేదా మ్యాండేట్ అన్నచోట దాన్ని వెతికి, రద్దు చేసి, పిన్ కొడితేనే ఆగుతుంది. అక్కడ గరిష్ఠ మొత్తం అని ఒకటి కనిపిస్తుంది, అది తప్పకుండా చూడండి. మాదాంట్లో నెల చందాకంటే చాలా ఎక్కువే రాసి ఉంది.

బ్యాంకువాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేదన్నారు. పిన్ మీరే కొట్టారు కాబట్టి ఇది మోసం కింద రాదట. అది వాళ్ల కోణం. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు మనల్ని తప్పుదారి పట్టించడానికి వాడే ఎత్తుగడలు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో 13 రకాలు చెప్పారు. చేరడం తేలిక చేసి బయటపడటం కష్టం చేసే చందా ఉచ్చు అందులో ఒకటి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఈ మాటే వాడండి, తెలుగులో మాట్లాడే వీలుంది. మోసపోయామండీ అని మొదలుపెడితే కథంతా చెప్పాల్సి వస్తుంది. చందా ఉచ్చు, రద్దు చేసే దారి యాప్‌లో లేదు, ఇవిగో స్క్రీన్‌షాట్లు అని చెబితే ఫిర్యాదు సూటిగా ఉంటుంది. యాప్ తీసెయ్యకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ముఖ్యంగా ఆ ఒక్క రూపాయి పేజీవి. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాలంటే మనం ఉండే ఊళ్లోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. నాకు అంత ఓపిక లేదు గానీ, పెద్ద మొత్తం పోయినవాళ్లు ఆలోచించండి.

ఫిర్యాదు చేశాక యాప్‌వాళ్ల నుంచి జవాబొచ్చింది. మా బాధ అర్థమైందట, సద్భావంతో తిరిగి ఇస్తున్నారట. తిరిగి ఇచ్చింది నాణేలు! నాణేలు వద్దు, డబ్బే కావాలని మళ్లీ రాస్తే చివరి నెల కోత ఒక్కటి వెనక్కి వేశారు. అంతకుముందువి, నాణేల కట్టలకి కట్టినవి రాలేదు, వస్తాయని నేను అనుకోవడం లేదు.

అత్తయ్యకి ఇప్పుడు ఆఫీసు దారిలో నేను కొన్న నవలలు పెద్ద అక్షరాలవి ఇస్తున్నాను, చెయ్యి నొప్పి పుట్టేంత బరువున్నా ఇష్టంగానే చదువుతోంది. కానీ ఒకటి ఆమెని వదల్లేదు. ఆ డ్రైవరు సీటీ స్కాన్ ఫైలుని నైట్ డ్యూటీ నర్సు ఎక్కడో దాస్తుంది, ఎక్కడన్నది మేం ఆపేసేనాటికి చెప్పలేదు. ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఆ భాగం దాకా విన్నవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి. దానికోసం కొత్తగా ఎవరూ నాణేలు కొనొద్దు.