ఫ్లోరైడ్ ఉన్న సొంత బోరు: ఇంటి యజమానికి ఏ మార్గం మేలు?

మిషన్ భగీరథ నల్లా నీటిని పరీక్షించే బాధ్యత ప్రభుత్వానిది. పెరట్లో వేయించుకున్న బోరు సంగతి వేరు. నల్గొండ జిల్లా మర్రిగూడ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆ నీరు అద్దెకున్నవారి వంటింటికి చేరుతున్నంతకాలం, దాని మంచిచెడ్డలు చూసుకోవలసినది ఇంటి యజమానే. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఉండవు కనుక పరీక్ష చేయించనిదే తెలియదు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది.

నీళ్లు మరిగిస్తే, బ్లీచింగ్ వేస్తే సూక్ష్మజీవులు చస్తాయే గాని ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతికి ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. అయితే ఫ్లోరైడ్ మోతాదునూ నీటి క్షారతనూ బట్టి పటిక కొలత మారుతుంది కనుక, ప్రతిరోజూ ఇంట్లో సరిగ్గా చేయడం కష్టం.

యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు నీటిని దాదాపు వృథా చేయదు. దాని ప్రమాదమల్లా, లోపల ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికల శక్తి అయిపోయాక కూడా నీరు అంతే తేటగా రావడం. ఫ్లోరైడ్ దాటిపోతున్నదన్న సంగతి మళ్లీ పరీక్షిస్తేనే బయటపడుతుంది.

ఆర్‌ఓ ఫ్లోరైడ్‌తోపాటు నైట్రేటునూ లవణాలనూ తగ్గిస్తుంది గనుక ఫిల్టర్లలో నా మొగ్గు దానివైపే. కానీ ఇళ్లలో పెట్టే యంత్రాలు తరచుగా ఇచ్చే మంచినీటికన్నా ఎక్కువ నీటిని బయటికి వదిలేస్తాయి. ఫ్లోరైడ్ చిక్కబడిన ఆ నీటిని పశువులకు పెట్టకుండా మరుగుదొడ్డికి మళ్లించాలి. ఆర్‌ఓలో నీటిని వడకట్టే పొరను (మెంబ్రేన్) మార్చే ఖర్చును అద్దెదారు మీదికి నెట్టడం న్యాయం కాదు.

నల్లా నీరు క్రమం తప్పకుండా వచ్చే ఊళ్లో మాత్రం ఈ యంత్రాలన్నిటికన్నా అదే మేలు. ఇక్కడ చాలామంది యజమానులు నల్లానూ బోరునూ ఒకే సంపులోకి వదిలి, ఒకే మోటారుతో పైట్యాంకుకు ఎక్కిస్తారు. దాంతో మంచినీటిలో ఫ్లోరైడ్ మళ్లీ కలుస్తుంది. నల్లాకు చిన్న ట్యాంకు విడిగా పెట్టి, వంటింటికి వేరే పైపు వేయించి, బోరును స్నానానికీ బట్టలకూ పరిమితం చేయడం ఒక్కసారి పెట్టే ఖర్చుతో తీరిపోతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల రూపుదిద్దుకుంటూ ఉంటాయి, అప్పుడు ఫ్లోరైడ్ వల్ల పడిన గార జీవితాంతం పోదు. కాబట్టి అలాంటి పిల్లలున్న కుటుంబానికి ఇల్లు ఇచ్చేముందే ఈ పైపుల పని పూర్తిచేసి, నీటి పరీక్ష నివేదిక నకలును అద్దె ఒప్పందంతో కలిపి ఇవ్వాలి.