తార్నాక స్టాటిస్టిక్స్ కన్సల్టింగ్: 96 ఎలుకల ప్లాన్ 72కి వచ్చింది

ఫార్మకాలజీ పీహెచ్‌డీ చేస్తున్నా, పెయిన్ తగ్గించే ఒక కాంపౌండ్ మీద. హాట్ ప్లేట్ టెస్ట్ (వేడి ప్లేట్ మీద నొప్పికి ఎలుక ఎంతసేపటికి స్పందిస్తుందో చూసేది), ఎలుకలు, డోసు 0 నుంచి 100 మిల్లీగ్రాములు పర్ కేజీ. నా ప్లాన్ అందరూ వేసేదే, 0, 20, 40, 60, 80, 100 అని ఆరు డోసులు, ఒక్కోదానికి ఎనిమిది మగ, ఎనిమిది ఆడ, మొత్తం 96. యానిమల్ ఎథిక్స్ కమిటీ ఇన్ని ఎందుకమ్మా అని వెనక్కి పంపింది, నిజంగా నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మా గైడ్ చెప్తే తార్నాక మెట్రో దిగి ఈ కన్సల్టింగ్ వాళ్ళ దగ్గరికి పోయాను. ఫీజు 9,000, స్కాలర్లకి ఎక్కువే.

అక్కడి మేడమ్ శాంపిల్ సైజు జోలికే పోలేదు ముందు. "అసలు నీకేం తెలియాలమ్మా, మగ ఆడ ఒకటే అనుకుంటున్నావా" అని అడిగింది. ఎలుకల్లో లివర్ ఎంజైములు ఆడ మగకి చాలా తేడా, హెక్సోబార్బిటాల్ ఇస్తే ఆడవి మగవాటికంటే చాలాసేపు నిద్రపోతాయని మేం చదువుకున్నదే, కానీ డోసులు పెట్టేటప్పుడు మాత్రం రెండింటికీ ఒకే లిస్టు రాసేశాను. మా సీనియర్ చేసిన చిన్న పైలట్‌లో ఈడీ 50, అంటే ఎంత డోసిచ్చినా దాటని గరిష్ట ఎఫెక్ట్‌లో సగం వచ్చే డోసు, మగవాటికి సుమారు 50, ఆడవాటికి 12.5 వచ్చింది. ఆ లెక్కన ఆడ ఎలుకకి 40 ఇస్తే గరిష్టంలో 76 శాతం, 60కి 83, 80కి 86, 100కి 89. కర్వ్ అప్పటికే పడుకుంది, నేనేమో అక్కడే నాలుగు డోసులు పెట్టా!

తర్వాత ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈమ్యాక్స్ మోడల్‌కి (డోసు పెరిగేకొద్దీ ఎఫెక్ట్ పెరిగి ఒక గరిష్టం దగ్గర పడుకునే కర్వ్) డి-ఆప్టిమల్ డిజైన్‌లో, అంటే ఉన్న ఎలుకలతోనే ఆ కర్వ్‌ని వీలైనంత కచ్చితంగా పట్టే ప్లాన్‌లో, మూడే డోసులు చాలు, సున్నా, గరిష్టం, మధ్యలో ఒకటి, మూడింటికీ సమానంగా ఎలుకలు. ఆ మధ్యది ఏదంటే గరిష్ట డోసు, అంటే 100, ఇచ్చే ఎఫెక్ట్‌లో సగం ఇచ్చే డోసు, ఈడీ 50 కాదు. మగవాటికి 25, ఆడవాటికి 10. నా ప్లాన్‌లో ఈ రెండూ లేవు. ఆ డి-ఆప్టిమల్ డిజైన్‌తో పోలిస్తే నా ప్లాన్ ఎఫిషియెన్సీ ఎంతో కట్టి చూపిస్తే మగవాటి వైపు 79 శాతం, ఆడవాటి వైపు 67 దగ్గర, అంటే ఆడవాటిలో మూడింట ఒక వంతు ఎలుకల్ని ఊరికే వాడేసేదాన్ని. మన స్టాటిస్టీషియన్ సి.ఆర్.రావు గారు 1945లో ఇచ్చిన హద్దు ఉంది కదా, పక్షపాతం లేని (అన్‌బయాస్డ్) అంచనాలో వేరియన్స్, అంటే అది ఎంత అటూఇటూ ఊగుతుందో, డేటాలో ఉన్న ఇన్ఫర్మేషన్ విలోమం కంటే కిందికి దిగదని, ఆ ఇన్ఫర్మేషన్‌ని పెంచే పనే ఈ డిజైన్ అంది. క్లాసులో ఆ ఫార్ములా రాసుకున్నప్పుడు ఇది ఎలుకల లెక్క అని ఎవరూ చెప్పలేదు.

అయితే ఒక చిక్కుంది, అది దాచకుండా చెప్పారు, అందుకే ఈ రివ్యూ రాస్తున్నా. ఈ డోసులు ఈడీ 50 అంచనా మీద ఆధారపడతాయి, మనం ప్రయోగం చేసేదేమో ఆ ఈడీ 50 తెలుసుకోడానికి. అందుకని మొత్తం ఒకేసారి చెయ్యొద్దన్నారు. మొదటి విడత 24 ఎలుకలు, మగ ఆడ రెండింటికీ 0, 10, 25, 100, ఒక్కో డోసుకి మూడేసి. అది చూశాక మిగతా 48, మొత్తం 72. గరిష్ట ఎఫెక్ట్ రెండు గ్రూపులకీ ఒకటే అని నమ్మితే ఇంకా తగ్గించొచ్చు కానీ ఆ నమ్మకం నాకు లేదు, ఆవిడ బలవంతం చెయ్యలేదు.

ఇబ్బందులు: రిపోర్టు వారం అని పది రోజులు ఎక్కువ తీసుకున్నారు, కమిటీ మీటింగ్ తప్పిపోతుందేమోనని భయపడ్డా. ఆర్ (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) కోడ్ ఇచ్చారు గానీ ఒక్క కామెంట్ లేదు, నాకు అర్థం చేసుకోడానికి రెండు రాత్రులు పట్టింది. అడిగితే ఫోన్‌లో ఓపిగ్గా చెప్పారు, ఎక్స్‌ట్రా తీసుకోలేదు.

వెళ్ళేవాళ్ళు పైలట్ డేటా తప్పకుండా తీసుకెళ్ళండి, గ్రూపుల కాలమ్ వేరుగా పెట్టి, సగటు మాత్రం ఇస్తే కుదరదు. నాకైతే 72కి అప్రూవల్ వచ్చింది. మొదటి విడత అయ్యాక ఆడవాటి ఈడీ 50 దాదాపు 20కి జరిగింది, మధ్య డోసు 10 నుంచి 14కి మార్చారు, మగవాటిది 25 అలాగే ఉంది, సోమవారం నుంచి రెండో విడత మొదలుపెడుతున్నా.