బొలోన్యాలో మకాం, రోజుకో ఊరికి రైలు

ఇటలీ అనగానే మనవాళ్ళు వేసే ప్లాన్ దాదాపు ఒకటే: రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, ఒక్కోచోట రెండు రాత్రులు, మధ్యలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ పరుగులు. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పద్ధతి మాకు కుదరదని ముందే తేలిపోయింది. అమ్మకి మోకాళ్ళ నొప్పి. నాన్నకి రోజూ పెట్టె సర్దడమంటే చిరాకు. అందుకని మకాం ఒకచోట పెట్టి, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే రాత్రి భోజనానికి తిరిగొచ్చేసే ఊళ్ళు వెతికాం. ముందు బొలోన్యా, ఆ తర్వాత కొన్నాళ్ళు ఫ్లోరెన్స్.

ఇలాంటి ట్రిప్పులకి అందరూ రైలు ఎంతసేపు పడుతుందో చూస్తారు. నేను మాత్రం రైలు దిగాక ఊరు ఎంత దూరంలో ఉందో చూశాను. ఇటలీలో పాత ఊళ్ళు చాలావరకు కొండల మీద కట్టుకున్నారు, రైలు పట్టాలేమో కింద లోయలో పోతాయి. అసీసీకి రైలుందని సంబరపడితే, స్టేషన్ కొండ కింద ఇంకో ఊళ్ళో ఉంటుంది, అక్కణ్ణుంచి బస్సు పట్టాలి. సాన్ జిమిన్యానోకైతే స్టేషనే లేదు. ఉత్తర ఇటలీలో ‘పో’ అనే నది మైదానంలో ఉన్న ఊళ్ళకి ఈ బాధ లేదు. అంతా చదును నేల, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే పాత బస్తీ. బొలోన్యాని ఎంచుకోవడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం ఆ జంక్షన్. ఒక లైను ఫెరారా, పాదువా మీదుగా వెనిస్‌కి, ఇంకోటి మోదెనా, పార్మా మీదుగా మిలాన్‌కి, మరోటి రవెన్నా వైపు, ఇవి కాక ఫ్లోరెన్స్‌కి హైస్పీడ్ లైను. స్టేషన్ మాత్రం మొదట్లో కాస్త తికమక పెడుతుంది. బోర్డు మీద 4 అని ఉంటే ఒక ప్లాట్‌ఫాం, 4 ఓవెస్ట్ అని ఉంటే పడమటి వైపు చివర్లో ఇంకో ప్లాట్‌ఫాం. హైస్పీడ్ రైళ్ళు చాలావరకు భూమి కింద, బాగా లోతులో ఆగుతాయి, వాటికి ఇంకో పావుగంట ముందే రావాలి. పైగా బోర్డు మీద మనం దిగే ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉండదు, రైలు ఆఖరి స్టేషన్ పేరుంటుంది. ఫెరారాకి వెళ్ళాలంటే వెనిస్ రైలు చూసుకోవాలి. టికెట్ మీదున్న రైలు నంబరు పట్టుకుని వెతికితే టెన్షన్ ఉండదు.

ఆ స్టేషన్‌లో బయటి గోడ మీద ఒక గడియారం ఎప్పుడూ 10:25 చూపిస్తుంది. 1980 ఆగస్టు 2న సెకండ్ క్లాస్ వెయిటింగ్ రూమ్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయిన వేళ అది. బద్దలైన గోడలో కొంత భాగాన్ని అలాగే వదిలేసి, పక్కన పేర్లు చెక్కిన రాయి పెట్టారు. నాన్న రైలు ఎక్కబోతూ ఆగి, ఆ పేర్ల పక్కనున్న వయసులు కూడా చదివారు.

ఉండటానికి స్టేషన్ పక్కనా, ఊరి మధ్యనా అన్నది బాగా ఆలోచించాం. రోజూ రైలే కాబట్టి స్టేషన్ దగ్గర తీసుకున్నాం, మా అవసరానికి అదే సరైంది. వియా దెల్లిందిపెందెంజా వెంట మెయిన్ స్క్వేర్‌కి నడిస్తే ఇరవై నిమిషాల లోపే, దారంతా వరండాలే కనుక వాన పడ్డా గొడుగు అక్కర్లేదు. బొలోన్యా వరండాలని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రూమ్ బుక్ చేసేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, లిఫ్టు. పాత బిల్డింగుల్లో చాలాచోట్ల ఉండదు. మేం మొదట దిగిన అపార్ట్‌మెంట్‌కి ఉందన్నారు, వచ్చి చూస్తే రిపేర్‌లో ఉంది, మూడంతస్తులు అమ్మని మెల్లగా ఎక్కించాల్సి వచ్చింది. మర్నాడే మారిపోయాం. రెండోది, ఎగ్జిబిషన్ల తేదీలు. కాస్మోప్రోఫ్ అనే సౌందర్య సాధనాల ప్రదర్శన, పిల్లల పుస్తకాల సంత లాంటివి ఉన్న వారాల్లో రేట్లు చుక్కలు చూపిస్తాయి. ఇవి కాక మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా కట్టాలి.

టికెట్ల సంగతి సులువు. దగ్గరి ఊళ్ళకి రెజొనాలే అనే రీజనల్ రైళ్ళుంటాయి, ఎప్పుడు కొన్నా ఒకటే ధర, సీటు నంబరు ఉండదు. ముందుగా కొనడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు కనుక పొద్దున లేచి వాతావరణం చూసి ఊరు నిర్ణయించుకోవచ్చు. ఈ స్వేచ్ఛ ఫ్రెచ్చారోస్సా లాంటి ఫాస్ట్ రైళ్ళలో ఉండదు, అక్కడ ఆలస్యం చేసే కొద్దీ ధర పెరుగుతుంది. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మెషీన్లో ముద్ర వేయించాలి, ఫోన్ టికెట్ అయితే చెక్-ఇన్ నొక్కాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానాయే. ఈ ప్రాంతంలో 2019 నుంచి రాక్, పాప్ అనే కొత్త రైళ్ళు తిరుగుతున్నాయి. తలుపు దగ్గర మెట్లు ఎక్కే పని దాదాపు లేదు, అమ్మకి అది పెద్ద ఊరట.

అన్నింటిలోకి రవెన్నాకే నా మార్కులు ఎక్కువ. గంటా పావుకి కాస్త అటూ ఇటూ ప్రయాణం, దిగితే నేరుగా ఊళ్ళోకి దారి. 5, 6 శతాబ్దాల మొజాయిక్‌లకి, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మలకి పేరు. ముఖ్యమైన గుళ్ళు చాలావాటికి కలిపి ఒకే టికెట్ ఇస్తారు, కానీ గల్లా ప్లాచీదియా సమాధి మందిరానికి టైమ్ ముందే ఎంచుకోవాలి, ఎందుకంటే లోపల ఐదు నిమిషాలే ఉండనిస్తారు. బయటినుంచి చూస్తే మామూలు ఇటుకల గది. కిటికీలకి అద్దాల బదులు అలబాస్టర్ అనే రాతి పల్చటి పలకలు, వాటిలోంచి పసుపు వెలుతురు వస్తుంది. కళ్ళు అలవాటు పడ్డాక ముదురు నీలం కప్పు మీద బంగారు చుక్కలు ఒక్కొక్కటిగా తేలతాయి. అలవాటు పడటానికే రెండు నిమిషాలు పోతుంది, కాబట్టి ఫోన్ జేబులోనే ఉంచండి.

పక్కనే సాన్ వితాలే. 547లో ప్రతిష్ఠించిన ఈ గుడి మొజాయిక్‌లలో జస్టినియన్ చక్రవర్తి, ఎదురుగా ఆయన రాణి థియోడోరా పరివారంతో నిలబడి ఉంటారు. నేను మొహాలూ కిరీటాలూ చూస్తుంటే, అమ్మ కన్ను చీర అంచు చూసినట్టు రాణి వస్త్రం అంచు మీదికి పోయింది. 'ఆ కుట్టులో మనుషులున్నారే, చూడు!' అంది. నిజమే, బాల యేసుకి కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు అక్కడ వరసగా వంగి నడుస్తున్నారు. చేతిలోని గైడ్ పుస్తకంలో కూడా ఆ సంగతి ఉంది, కానీ నేను ఆ పేజీకి ఇంకా రాలేదు.

సాంతాపొల్లినారే నువోవోలో ఇంకో వింత. అప్పట్లో ఇటలీని ఏలిన గాత్ జాతి రాజు థియోడొరిక్ తన మతశాఖ కోసం కట్టించుకున్న గుడి అది. జస్టినియన్ సేనలు ఊరు పట్టుకున్నాక, అతని రాజభవనం బొమ్మలో నిలబడ్డ మనుషుల్ని చెరిపేసి ఆ చోట తెరలు అతికించారు. అయితే స్తంభాల మీద వాళ్ళ చేతులు మిగిలిపోయాయి. తెర పక్కన తెల్లటి స్తంభం, దాని మీద ఎవరిదో చెయ్యి, మనిషి మాత్రం లేడు. గోడ పైన ఎత్తులో ఉంటాయి కనుక చిన్న బైనాక్యులర్ ఉంటే మంచిది. డాంటే సమాధి కూడా ఈ ఊళ్ళోనే ఉంది. ఫ్లోరెన్స్ వెళ్ళగొట్టిన కవి 1321లో ఇక్కడే పోయాడు.

ఫెరారాలో స్టేషన్ నుంచి కోటకి నడక కాస్త ఎక్కువే, అమ్మని బస్సెక్కించాం. చుట్టూ నీళ్ళ కందకంతో ఊరి నడిమధ్యలో, ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన ఎస్తే వంశం వాళ్ళ కోట, 1385లో మొదలుపెట్టింది. ఊరి గోడలు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, వాటి వెంట చెట్ల నీడలో సైకిల్ బాట. నాన్న చాలా ఏళ్ళ తర్వాత సైకిలెక్కి ఇంక దిగనన్నారు. మోదెనా సగం రోజుకి సరిపోతుంది: 1099లో మొదలుపెట్టిన కథెడ్రల్, దాని గోడ మీద విలిజెల్మో చెక్కిన ఆదాము అవ్వల కథ, బల్సామిక్ వెనిగర్. అసలు రకం కనీసం 12 ఏళ్ళు పీపాల్లో ఊరుతుంది, సీసా ధర విని నాన్న చేతిలోది కింద పెట్టేశారు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. లోపల కూరి చేసే పాస్తాల్లో తొర్తెల్లీని అయితే పంది మాంసం ఉంటుంది, తొర్తెల్లోని అయితే మామూలుగా రికొత్తా పన్నీరు, ఆకుకూర. ఫెరారాలో గుమ్మడికాయ పెట్టి చేసే కప్పెల్లాచ్చి వెన్న, సేజ్ ఆకుతో ఇమ్మని అడగండి, లేదంటే మాంసం సాస్ పోస్తారు. పియాదీనా రొట్టెలో పంది కొవ్వు వేసే అలవాటుంది, ఆలివ్ నూనెతో చేసిందా అని కనుక్కోవాలి. పర్మెజాన్ చీజ్‌లో దూడ రెన్నెట్ (పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసే పదార్థం) ఉంటుంది కాబట్టి పూర్తి నిష్ఠ ఉన్నవాళ్ళు అదీ మానాలి. రాత్రి ఏడున్నర దాకా చాలా హోటళ్ళలో పొయ్యి వెలగదు. అమ్మకి ఏడింటికల్లా అన్నం పడాలి, అందుకే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం.

ఫ్లోరెన్స్ నుంచి చేసిన వాటిలో లుక్కా బాగా నచ్చింది. స్టేషన్ ఎదురుగానే కోటగోడ, పైన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు చదునైన నడక. అదే రోజు పీసా కలుపుకోవచ్చు, అరగంట దూరం. కానీ పీసా చెంత్రాలేలో దిగకండి, అక్కణ్ణుంచి వాలిన గోపురం ఇరవై నిమిషాల పైగా నడక. ముందే వచ్చే పీసా సాన్ రొస్సోరేలో దిగితే పది నిమిషాల్లోపే. అక్కడ శనగపిండితో చేసి ఓవెన్‌లో కాల్చే చెచీనా మాకు ఆ పూట టిఫిన్ అయింది. సియెనాకి మాత్రం రైలు వద్దు. స్టేషన్ లోయలో ఉంటుంది, ఎస్కలేటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. ఫ్లోరెన్స్ నుంచి బస్సయితే పాత ఊరి అంచులోనే దింపుతుంది.

ఒక రోజు సమ్మె వచ్చింది. ఇక్కడ సమ్మె తేదీ ముందే ప్రకటిస్తారు, పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రీజనల్ రైళ్ళు గ్యారంటీగా నడపాలి. ఆ వేళల్లో పోయి రావచ్చు గానీ, పెద్దవాళ్ళతో ఆ సాహసం ఎందుకని బొలోన్యాలోనే ఉండిపోయాం. సాన్ లూకా కొండ గుడి దాకా 666 కమానుల వరండాలో నేను, నాన్న నడిచాం, అమ్మ టూరిస్టు బండిలో మాకన్నా ముందే చేరి బెంచీ మీద కూర్చుంది.

మాంతువా కూడా అనుకున్నాం కానీ బొలోన్యా నుంచి రైలు మారాలి. దానికి వెరోనాలో మకాం పెడితే నేరుగా రైలుంది, గంట కూడా పట్టదు. పార్మా సరే, అది బొలోన్యా నుంచి మోదెనా లైనులోనే గంట ప్రయాణమే, ఎండ తగ్గాక అక్టోబర్‌లో చూడాలని పక్కన పెట్టాం.