తుఫాను ఊళ్ళకు వర్షమాపకం: వాడి చూశాక నా మాట

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర. వంశధార ఒడ్డున వరి, మెరకన కాస్త జీడితోట. ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ వర్షమాపకాన్ని వానాకాలమంతా వాడి ఇది రాస్తున్నాను. 3,000 రూపాయలకు దగ్గరగా పడింది. ఒట్టి గొట్టానికి ఇంత డబ్బా అని మా ఆయన గట్టిగానే అన్నారు. నేనైతే మళ్ళీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను.

పైన గరాటు, లోపల సన్న గొట్టం, దాని చుట్టూ వెడల్పు గొట్టం. గరాటు నోరు సన్న గొట్టానికి పది రెట్ల వైశాల్యం ఉంటుంది కాబట్టి 1 మి.మీ. వాన లోపల ఒక సెంటీమీటరు ఎత్తున నిలుస్తుంది, గీతలు హాయిగా కనిపిస్తాయి. లోపలిది 25 మి.మీ.కి నిండుతుంది. ఆపైన పడేది బయటి గొట్టంలోకి పొర్లుతుంది, మొత్తం 280 మి.మీ. దాకా ఆగుతుంది. మనకు పనికొచ్చేది ఆ బయటి గొట్టమే. చవక రకాలు నిండిపోయాక పడిందంతా నేలపాలు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.5 మి.మీ. నుంచి అత్యంత భారీ వర్షం. అంత వాన పడినా ఇందులో లెక్క తప్పదు.

తుఫాను అనగానే మావైపు అందరూ ముందు గాలి ఎంత అనే అడుగుతారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కి.మీ. వేగంతో కొట్టింది, ఆ భయం ఇంకా పోలేదు. కానీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కాక ఏమైంది? గాలి నెమ్మదించినా వాన వదల్లేదు. మా జిల్లాలోనే బరఘరలో కొండచరియ విరిగిపడి జనం పోయారు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ గాలి లెక్కలో చిన్నదే. దాని వానకు విశాఖ వీధులు మునిగాయి.

వెచ్చటి సముద్రం మీద లేచే ఆవిరే తుఫానుకు బలం. నేల మీదికి రాగానే ఆ బలం తగ్గి గాలి నీరసిస్తుంది. మోసుకొచ్చిన తేమ మాత్రం ఎక్కడికీ పోదు. మహేంద్రగిరి వైపు కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, కుండపోతగా దిగుతుంది. తుఫాను మెల్లగా కదిలిందంటే మరీ ముప్పు. అమెరికాలోనూ ఇదే కథ. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ (అక్కడి తుఫాను) ఐదు కేటగిరీల్లో నాలుగోదానితో టెక్సాస్ తీరం దాటింది. ఆ కేటగిరీ గాలిని బట్టి ఇచ్చేది, వానను బట్టి కాదు. గాలి పడిపోయాక కూడా అది ఆ చుట్టుపక్కలే తచ్చాడుతూ కొన్ని చోట్ల 1,500 మి.మీ. పైగా కురిపించింది. హ్యూస్టన్ నీట మునిగింది గాలికి కాదు.

ఇక మా వాడకం. మా తమ్ముడిది గుణుపూర్, నదికి మాకన్నా ఎగువ. వాడి చేత కూడా ఒకటి కొనిపించాను. ముసురు పట్టిన ఓ రాత్రి ఫోన్ చేసి, "అక్కా, పొద్దున్నించి ఇక్కడ 120 దాటింది, ఇంకా పడుతోంది" అన్నాడు. మా పెరట్లో చూస్తే 40 కూడా లేదు. వాడి మాట పట్టుకుని మా ఆయన, పాలికాపు కలిసి ఒడ్డున ఉన్న మోటారు ఊడదీసి ఇంటికి చేర్చారు, పశువుల్ని మెరకకు తోలారు. తెల్లారేసరికి మోటారు దిమ్మ నీళ్ళలో ఉంది. ఎగువన పడిన వాన మా గట్టుకు చేరడానికి కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి చేతికి దక్కడమే ఈ గొట్టం విలువ. ఎకరం మీద 100 మి.మీ. పడిందంటే 4 లక్షల లీటర్ల పైమాట. ఆ లెక్క తెలిశాక మా ఆయన కూడా ఖరీదు మాట ఎత్తలేదు.

లోపాలూ ఉన్నాయి. దాంతో వచ్చిన మరలు తుప్పు పట్టాయి, బిగింపు గాలికి ఊగింది. వెల్డింగు షాపులో ఇనప పట్టీ చేయించి గుంజకు బిగించాం. ఎండకు బయటి గొట్టం మసకబారింది. గరాటులో జీడాకు పడితే నీళ్ళు దిగవు, రోజూ చూసుకోవాలి. పెద్దవాన రాత్రి పొర్లిన నీళ్ళను లోపలి గొట్టంలోకి వంచి, కొలిచి, పారబోసి, మళ్ళీ వంచాలి. తలమీద గోనె, నోట్లో టార్చి పెట్టుకుని చేసే పని అది, రెండో మనిషి ఉంటే మంచిది. ఈదురుగాలికి చినుకు అడ్డంగా పోతుంది కాబట్టి మాపకం అసలు కన్నా తక్కువే చూపిస్తుంది. 150 చూపిస్తే అంతకు మించే పడిందనుకోండి.

గోడకూ చెట్టుకూ దూరంగా, వాటి ఎత్తుకు రెండింతల ఎడంలో పాతండి. వాతావరణ శాఖ లాగే పొద్దున 8:30కి చూసి రాసుకుంటే వాళ్ళ అంకెలతో పోల్చుకోవచ్చు. అంగుళాల గీతలున్న రకం కూడా అమ్ముతున్నారు, మిల్లీమీటర్లదే చూసి తీసుకోండి. లోపలి గొట్టం పగిలితే విడిగా దొరకడం లేదు, మొత్తం మళ్ళీ కొనాల్సిందే. అమ్మేవాళ్ళు ఆ ఒక్కటీ విడిగా ఇస్తే ఎగువ ఊళ్ళలో మరో నలుగురి చేత ధైర్యంగా కొనిపిస్తాను.